ప్రభుత్వ వైద్యమా, ప్రైవేటు వైద్యమా: ఏది, ఎప్పుడు, ఏ లెక్కన ఎంచుకోవాలి?

ప్రభుత్వ వైద్యం మేలా, ప్రైవేటు వైద్యం మేలా అన్న చర్చ మొదలైతే చాలు, ఒకరు పైసా ఖర్చు లేకుండా ప్రాణం నిలబెట్టిన పెద్దాసుపత్రి గురించి చెబుతారు, మరొకరు అలాంటి ఆసుపత్రిలోనే ఆపరేషన్ తేదీ కోసం నెలల తరబడి ఎదురుచూసిన మనిషి గురించి చెబుతారు. రెండూ నిజాలే. అయితే వాటిని ఎదురెదురుగా నిలబెట్టినంత మాత్రాన నిర్ణయం తేలదు, ఎందుకంటే ఈ చర్చలో మూడు వేర్వేరు ప్రశ్నలు కలగాపులగమై ఉంటాయి. చికిత్సకయ్యే డబ్బు ఎవరి దగ్గర పోగవుతోంది, ఆసుపత్రిని ఎవరు నడుపుతున్నారు, ధరలనూ ప్రమాణాలనూ ఎవరు నిర్ణయిస్తున్నారు అనే ఈ మూడింటికీ ఒకే జవాబు ఉండాలన్న నియమమేదీ లేదు.

నా అభిప్రాయం ముందే చెబుతాను. డబ్బు పోగుచేసే పని అందరినీ కలుపుకొని, తప్పనిసరి పద్ధతిలో, ప్రభుత్వ పూచీతో జరగాలి. ఆసుపత్రి యాజమాన్యం ఎవరిదన్నది దాని తర్వాతి సంగతి. అందులో రెండు రకాలూ ఉండవచ్చు. ఇక ఒక రోగిగా ఎక్కడికి వెళ్లాలన్నది వచ్చిన జబ్బు స్వభావాన్ని బట్టి తేల్చుకోవాలి. పౌరులుగా చేసే ఎంపిక గురించి మొదట, రోగులుగా చేసే ఎంపిక గురించి తర్వాత రాస్తున్నాను. ఆపరేషనో, ప్రసవమో దగ్గర పడినవారు నేరుగా ‘రోగిగా ఎంచుకునేటప్పుడు’ అన్న భాగానికి వెళ్లవచ్చు.

మూడు ప్రశ్నలను విడదీసి చూస్తే

బ్రిటన్‌లో 1948 జులై 5న ప్రారంభమైన జాతీయ ఆరోగ్య సేవను, అంటే ఎన్‌హెచ్‌ఎస్‌ను, ప్రభుత్వ వైద్యానికి నమూనాగా చూపిస్తారు. అది పన్నుల డబ్బుతో నడుస్తుంది, దాని ఆసుపత్రులు ప్రభుత్వ రంగానివి, చికిత్స చేయించుకునే చోట రోగి బిల్లు కట్టనక్కర్లేదు. అయినా అక్కడ రోగిని మొదట చూసే కుటుంబ వైద్యుల్లో అత్యధికులు ఆరంభం నుంచీ ప్రభుత్వ ఉద్యోగులు కారు; ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుని సొంతంగా ప్రాక్టీసు నడుపుకునేవారు. కెనడాలో డబ్బు కట్టేది ప్రావిన్సు, అంటే రాష్ట్ర ప్రభుత్వం, వైద్యుల్లో ఎక్కువ మంది మాత్రం స్వతంత్రంగా పనిచేస్తూ ఆ ప్రభుత్వానికి బిల్లు పంపుకుంటారు. బీమా వర్తించే సేవలకు రోగి దగ్గర అదనంగా వసూలు చేయనిచ్చే ప్రావిన్సుకు కేంద్ర నిధుల్లో అంత మేరా కోత పెట్టేలా అక్కడ 1984లో చట్టం వచ్చింది.

జపాన్ 1961 నాటికే దేశంలో అందరినీ ఆరోగ్య బీమా కిందికి తెచ్చింది. అక్కడ ఆసుపత్రుల్లో అత్యధిక భాగం ప్రైవేటువే, కానీ ఏ పరీక్షకు ఎంత, ఏ ఆపరేషన్‌కు ఎంత అనే ధరల పట్టిక దేశమంతటికీ ఒక్కటే. ప్రభుత్వం దాన్ని రెండేళ్లకోసారి సవరిస్తుంది. తైవాన్ 1995లో దేశానికంతటికీ ఒకే బీమా సంస్థను ప్రభుత్వం చేతుల్లో పెట్టి, వైద్యం అందించే బాధ్యతను ఎక్కువగా ప్రైవేటు ఆసుపత్రులకూ క్లినిక్కులకూ వదిలింది. స్విట్జర్లాండ్‌లో 1996 నుంచి, నెదర్లాండ్స్‌లో ఇప్పుడున్న రూపంలో 2006 నుంచి, బీమా అమ్మేవి ప్రైవేటు సంస్థలే. అయితే ప్రతి ఒక్కరూ బీమా తీసుకోవడం తప్పనిసరి, ప్రాథమిక పాలసీ అడిగినవారిని జబ్బు ఉందన్న కారణంతో తిప్పి పంపే హక్కు ఆ సంస్థలకు లేదు. సింగపూర్ 1984లో ప్రతి ఉద్యోగి జీతం నుంచీ వైద్యం కోసం తప్పనిసరి పొదుపు మొదలుపెట్టింది. అక్కడ మామూలు జ్వరానికి ఎక్కువ మంది ప్రైవేటు క్లినిక్కుకు వెళతారు, ఆసుపత్రిలో చేరాల్సి వస్తే ఎక్కువ మంది ప్రభుత్వాసుపత్రిలో చేరతారు.

ప్రైవేటు వైద్యానికి చిరునామాగా చెప్పే అమెరికాలో కూడా 1965లో వృద్ధుల కోసం మెడికేర్, పేదల కోసం మెడికెయిడ్ అనే ప్రభుత్వ బీమా పథకాలు వచ్చాయి. మాజీ సైనికులకు ప్రభుత్వమే సొంతంగా ఆసుపత్రులు నడుపుతోంది. దేశంలో వైద్యానికయ్యే మొత్తం ఖర్చులో సగానికి దగ్గరగా ప్రభుత్వ ఖజానాల నుంచే వెళుతోంది. కనుక ‘ప్రైవేటుపరం చేయాలి’ అని గానీ, ‘ప్రభుత్వపరం చేయాలి’ అని గానీ ఎవరైనా అన్నప్పుడు, పై మూడింటిలో దేన్ని మార్చమంటున్నారో అడిగి తెలుసుకోవాలి. ఆసుపత్రిని శుభ్రపరిచే పనిని కాంట్రాక్టుకు ఇవ్వడమూ, అందరి బీమానూ లాభాపేక్ష గల కంపెనీలకు అప్పగించడమూ ఒకే పేరుతో చలామణి అవుతున్నాయి. మొదటిది నిర్వహణలో చిన్న మార్పు, రెండోది ఎవరికి వైద్యం అందుతుందో ఎవరికి అందదో తేల్చే మార్పు.

డబ్బు ఎందుకు అందరిదీ కలిసి ఉండాలి

వైద్యం మిగతా సరుకుల్లాంటిది ఎందుకు కాదో ఆర్థికవేత్త కెనెత్ ఆరో 1963లోనే వివరంగా రాశారు. జబ్బు ఎప్పుడు వస్తుందో, ఎంత ఖర్చవుతుందో ఎవరికీ ముందుగా తెలియదు. ఏ చికిత్స అవసరమో కొనేవాడికంటే అమ్మేవాడికే ఎక్కువ తెలుసు. చికిత్స అయ్యాక కూడా, అది లేకపోతే ఏమయ్యేదో రోగి తేల్చుకోలేడు. నచ్చకపోతే ఇంకో దుకాణానికి వెళ్లే వెసులుబాటు గుండెపోటుతో స్ట్రెచర్ మీద ఉన్న మనిషికి ఉండదు.

దీనికి విరుగుడు బీమా అనుకుంటే, బీమాకు తనదైన చిక్కు ఉంది. ఇష్టమైనవారే చేరే పద్ధతిలో, జబ్బు వస్తుందని అనుమానం ఉన్నవారు ముందు చేరతారు, ఆరోగ్యంగా ఉన్న యువకులు తర్వాత చూద్దామని ఆగుతారు. చేరినవారికి ఖర్చు ఎక్కువ కావడంతో ప్రీమియం పెరుగుతుంది. పెరిగిన ప్రీమియం చూసి ఉన్నవారిలో కాస్త ఆరోగ్యంగా ఉన్నవారు తప్పుకుంటారు. దాంతో అది మళ్లీ పెరుగుతుంది. ఈ నష్టం నుంచి తప్పించుకోవడానికి కంపెనీలు ముందునుంచీ జబ్బు ఉన్నవారిని వడపోయడం మొదలుపెడతాయి. అంటే బీమా ఎవరికి అత్యవసరమో వారికే అది దొరకదు. ఇందులో కంపెనీ దుర్మార్గం ఉండనక్కర్లేదు, లెక్క అలా నడిపిస్తుంది. జర్మనీ 1883లో బిస్మార్క్ హయాంలో కార్మికులకు తప్పనిసరి ఆరోగ్య బీమా తెచ్చినప్పటి నుంచి ఇప్పటి స్విట్జర్లాండ్ వరకు, పద్ధతులు ఎంత వేరైనా, అందరికీ వైద్యం అందించిన సంపన్న దేశాలన్నీ ఏదో ఒక రూపంలో ‘తప్పనిసరి’ అన్న మాటను చట్టంలో రాసుకోవలసి వచ్చింది. ఆరోగ్యంగా ఉన్నవారు రోగుల కోసం, యువకులు వృద్ధుల కోసం, ఉన్నవారు లేనివారి కోసం కట్టకుండా ఈ లెక్క ఎక్కడా కుదరలేదు.

ఇక్కడ ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. ఉచితమైతే జనం అవసరం లేకపోయినా ఆసుపత్రికి పరుగెత్తరా? దీన్ని తేల్చడానికి అమెరికాలో ర్యాండ్ అనే పరిశోధన సంస్థ 1974 నుంచి 1982 వరకు ఒక పెద్ద ప్రయోగం నడిపింది. కుటుంబాలను లాటరీ పద్ధతిలో రకరకాల బీమాల్లో చేర్చి, కొందరికి వైద్యం పూర్తిగా ఉచితం చేసి, మిగతావారు వేర్వేరు నిష్పత్తుల్లో చేతి నుంచి కట్టేలా ఏర్పాటు చేశారు. డబ్బు కట్టాల్సినవారు వైద్యాన్ని తక్కువగా వాడుకున్నారు, అభ్యంతరంలో ఆ మేరకు నిజం ఉంది. కానీ వారు అనవసరమైన వైద్యాన్నే తగ్గించుకోలేదు, అవసరమైన వైద్యాన్ని కూడా దాదాపు అదే పాళ్లలో తగ్గించుకున్నారు. సగటు మనిషి ఆరోగ్యంలో పెద్ద తేడా రాకపోయినా, పేదవారై ఉండి అధిక రక్తపోటు ఉన్నవారిలో మాత్రం ఉచిత వైద్యం పొందినవారి రక్తపోటు మెరుగ్గా అదుపులో ఉంది. ఈ ఫలితాన్ని నేను ఇలా అర్థం చేసుకుంటాను: చిన్న రుసుము పెట్టడం తప్పు కాదు, కానీ పేదలకూ దీర్ఘకాలిక రోగులకూ ఆ రుసుము నుంచి మినహాయింపు లేకపోతే మిగిలే డబ్బు వారి ఒంట్లోంచి వసూలైనట్టే.

రెండింటి లోపాలూ ఎక్కడ పుడతాయి

ప్రభుత్వ వైద్యంలో కొరత వరుస రూపంలో కనిపిస్తుంది. ధర అడ్డుగా లేనప్పుడు, పడకలూ వైద్యులూ చాలినంత మంది లేకపోతే, కాలమే అడ్డుగోడ అవుతుంది. ఇంగ్లండ్‌లో నిపుణుడి దగ్గరికి పంపిన నాటి నుంచి 18 వారాల్లోగా చికిత్స మొదలుపెట్టాలన్న నియమం ఉన్నా, ఎదురుచూస్తున్న కేసుల సంఖ్య 2022లో 70 లక్షలు దాటింది. మోకాలి నొప్పితో నడవలేని మనిషికి, కంటి శుక్లం వల్ల చూపు మసకబారిన మనిషికి ఆ ఎదురుచూపు వట్టి అసౌకర్యం కాదు. ఉద్యోగం పోవచ్చు, కండరాలు బలహీనపడవచ్చు, ఇంట్లో మరొకరు పని మానుకుని కూర్చోవలసి రావచ్చు. బిల్లు లేదన్న మాట నిజమే అయినా, ఖర్చు లేదన్న మాట నిజం కాదు.

దీనికంటే లోతైన లోపం జవాబుదారీతనానిది. ఇంగ్లండ్‌లోని మిడ్ స్టాఫర్డ్‌షైర్ ప్రభుత్వ ట్రస్టు నడిపిన ఆసుపత్రిలో 2005 నుంచి 2009 వరకు రోగులు ఘోరమైన నిర్లక్ష్యానికి గురయ్యారు. దానిపై జరిగిన బహిరంగ విచారణ 2013లో ఇచ్చిన నివేదిక, యాజమాన్యం ఆర్థిక లక్ష్యాల మీద, పైవారికి చూపించాల్సిన అంకెల మీద దృష్టి పెట్టి రోగుల బాధను పట్టించుకోలేదని తేల్చింది. లాభం ఆశ లేనంత మాత్రాన రోగి కేంద్రంగా ఉంటాడన్న భరోసా లేదని ఆ నివేదిక చదివినవారికి అర్థమవుతుంది. అయితే ఆ నిర్లక్ష్యం బయటపడింది కూడా ప్రభుత్వ సంస్థ కాబట్టే అన్న సంగతి మరచిపోకూడదు: మరణాల లెక్కలు బయటి సంస్థకు అందుబాటులో ఉన్నాయి, రోగుల కుటుంబాలు ప్రజాప్రతినిధులను నిలదీయగలిగాయి, విచారణ వాంగ్మూలాలు అందరి ముందుకూ వచ్చాయి.

ప్రైవేటు వైద్యంలో లోపం వేరే చోట పుడుతుంది. చేసిన ప్రతి పనికీ విడివిడిగా డబ్బు వచ్చే పద్ధతిలో, ఎక్కువ చేసినవారికి ఎక్కువ వస్తుంది. పడక ఉంటే అది నిండుతుందని మిల్టన్ రోమర్ అనే ప్రజారోగ్య పరిశోధకుడు 1960 ప్రాంతంలోనే గమనించి చెప్పారు. సిజేరియన్ కాన్పులు దీనికి స్పష్టమైన ఉదాహరణ. వాటి వాటా 10 నుంచి 15 శాతం మించడానికి వైద్యపరమైన కారణం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ పిలిచిన నిపుణులు 1985లో అన్నారు. ఆ అంకె మీద తర్వాత వాదనలు జరిగాయి, కానీ బ్రెజిల్ ప్రైవేటు ఆసుపత్రుల్లో 80 శాతానికి పైగా కాన్పులు సిజేరియన్ ద్వారా జరగడాన్ని ఏ వాదనా సమర్థించలేదు. ముందే తేదీ ఖరారై, గంటలోపు ముగిసే ఆపరేషన్, ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో తెలియని సహజ కాన్పుకంటే వైద్యుడికీ ఆసుపత్రికీ అనుకూలం. తల్లుల భయాలూ కోరికలూ కూడా అందులో కలిసి ఉంటాయన్నది నిజమే. అయినా అంత పెద్ద తేడాకు డబ్బు వచ్చే తీరే ముఖ్య కారణమని నేను నమ్ముతాను.

ప్రైవేటు రంగం తనకు లాభసాటి రోగులను ఎంచుకోగలదు, లాభం లేని చోటు నుంచి వెళ్లిపోగలదు. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో 150 ఏళ్లకు పైగా నడిచిన హానిమన్ బోధనాసుపత్రిని, కొత్త యజమానుల చేతికి వెళ్లిన కొద్దికాలానికే, 2019లో మూసివేశారు. అక్కడికి వచ్చేవారిలో పేదలే ఎక్కువ. కంపెనీకి ఆ హక్కు చట్టప్రకారం ఉంది. ఆ ప్రాంత ప్రజలకు మాత్రం ఆసుపత్రి ఉంచమని అడిగే చోటు లేకుండా పోయింది. ఇంగ్లండ్‌లోని చాలా ప్రైవేటు ఆసుపత్రుల్లో ఐసీయూ ఉండదు. అక్కడ ఆపరేషన్ వికటిస్తే రోగిని అంబులెన్సులో ఎన్‌హెచ్‌ఎస్‌ ఆసుపత్రికి పంపుతారు. తేలికైన కేసుల్లో మంచి ఫలితాలు చూపించి, కష్టమైనవాటిని పక్కవారికి పంపిన సంస్థను, అన్నింటినీ స్వీకరించే సంస్థతో శాతాల లెక్కన పోల్చడం న్యాయం కాదు. ఎవరైనా అలాంటి పట్టిక చూపిస్తే, రెండు చోట్లా చేరిన రోగుల వయసు, జబ్బు తీవ్రత సమానమేనా అని మొదట అడగాలి.

ప్రైవేటు రంగంలోని మంచిని కూడా నిండు మనసుతో ఒప్పుకోవాలి. వైద్యుణ్ని ఎంచుకునే వీలు, త్వరగా తేదీ దొరకడం, ఏకాంతం, మర్యాదగా మాట్లాడటం, కొత్త పరికరాలు త్వరగా రావడం చిన్న విషయాలు కావు. బాధలో ఉన్న మనిషితో గౌరవంగా మాట్లాడటం వైద్యంలో భాగమే. ప్రభుత్వ వ్యవస్థలు దీన్ని విలాసంగా చూసినంత కాలం, స్తోమత ఉన్నవారు బయటికి వెళ్లిపోతూనే ఉంటారు. వారు వెళ్లిపోతే ఆ వ్యవస్థను బాగుచేయమని గట్టిగా అడిగే గొంతులు తగ్గిపోతాయి. నా దృష్టిలో ప్రభుత్వ వైద్యానికి ఉన్న అతి పెద్ద ప్రమాదం ఇదే.

రోగిగా ఎంచుకునేటప్పుడు

ఇప్పటిదాకా చెప్పింది ఓటు వేసేటప్పుడు పనికొచ్చేది. జబ్బు పడ్డప్పుడు మన చుట్టూ ఉన్న వ్యవస్థ ఎలా ఉంటే అలా వాడుకోవలసిందే, అక్కడ నియమం మరోలా ఉంటుంది.

ప్రాణాపాయంలో యాజమాన్యం గురించి ఆలోచించే సమయం లేదు, ఆలోచించకూడదు కూడా. మెదడులో రక్తనాళం మూసుకుపోయి పక్షవాతం వస్తే, గడ్డను కరిగించే మందు సాధారణంగా నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. ఆ మందు ఇచ్చే ముందు మెదడులో రక్తస్రావం లేదని స్కానింగులో తేలాలి. కాబట్టి రాత్రి రెండు గంటలకు కూడా స్కానింగు తీసి, దాన్ని చదివే మనిషి ఉన్న ఆసుపత్రే సరైనది. గుండెపోటుకూ, పెద్ద ప్రమాదాలకూ ఇదే సూత్రం. చాలా చోట్ల పెద్ద ప్రభుత్వాసుపత్రులూ, బోధనాసుపత్రులూ ఈ సన్నద్ధతతో ఉంటాయి, ఎందుకంటే రోజంతా ఖాళీగా ఉన్నా సిబ్బందిని నిలిపి ఉంచే ఖర్చును భరించడానికి చిన్న ప్రైవేటు ఆసుపత్రులు వెనకాడతాయి. ఎక్కడో ఒకచోట చేర్చి, అక్కడ నుంచి మరోచోటికి పంపించుకోవడంలో పోయే గంట తిరిగి రాదు. మీ ఇంటికి దగ్గర్లో ఇలాంటి ఆసుపత్రి ఏదో ఆరోగ్యంగా ఉన్నప్పుడే తెలుసుకుని పెట్టుకోవాలి. అమెరికాలో 1986 నుంచి, మెడికేర్‌లో భాగమైన ఏ ఆసుపత్రి అయినా అత్యవసర విభాగానికి వచ్చినవారిని డబ్బు సంగతి అడగకుండా పరీక్షించి, పరిస్థితి నిలకడగా ఉండేలా చేయాలని చట్టం చెబుతోంది. మీరున్న చోట అలాంటి రక్షణ ఉందో లేదో కూడా తెలుసుకోవాలి.

క్షయ లాంటి అంటువ్యాధులకూ, టీకాలకూ ప్రభుత్వ వ్యవస్థనే గట్టిగా సూచిస్తాను. క్షయ చికిత్స నెలల తరబడి సాగుతుంది, మధ్యలో ఆపితే మందులకు లొంగని రూపం దాల్చవచ్చు, ఇంట్లోవారిని కూడా పరీక్షించాలి. రోగి రాకపోతే వెతుక్కుంటూ వెళ్లే బాధ్యత ప్రైవేటు క్లినిక్కుకు ఉండదు, ప్రజారోగ్య కార్యక్రమానికి ఉంటుంది. 1980లో ప్రపంచం నుంచి మశూచి పోయిందని ప్రకటించగలిగారంటే, ఏ ఇంటినీ వదలకుండా తిరిగిన ప్రభుత్వ కార్యక్రమాల వల్లే.

మధుమేహం, రక్తపోటు, ఉబ్బసం లాంటి దీర్ఘకాలిక జబ్బుల్లో ఎంపికకు గీటురాయి నిలకడ. ఏళ్ల తరబడి ఒకే వైద్యుడు, ఒకే రికార్డు, క్రమం తప్పని మందులు ఉండటం పేరున్న నిపుణుణ్ని ఏడాదికోసారి చూడటంకంటే విలువైనవి. ప్రైవేటులో ఆ సంబంధం దొరికి, జీవితాంతం ఆ ఖర్చు భరించగలమని లెక్క తేలితే అక్కడే కొనసాగవచ్చు. కానీ లెక్క నెలకు కాదు, పదేళ్లకు వేసుకోవాలి. వారానికి మూడుసార్లు చేసే డయాలసిస్ విషయంలో ఈ జాగ్రత్త మరీ అవసరం. మొదటి నెలల్లో పొదుపంతా ప్రైవేటులో ఖర్చుచేసి, అది అయిపోయాక ప్రభుత్వ కేంద్రంలో చోటు కోసం వెతుక్కునే బదులు, మొదటి రోజే అక్కడ పేరు నమోదు చేయించుకోవడం మేలు.

క్లిష్టమైన ఆపరేషన్లలో ‘ఎన్ని చేశారు’ అన్నదే మొదటి ప్రశ్న కావాలి. అమెరికాలో 1979లో వెలువడిన ఒక ప్రసిద్ధ అధ్యయనం, గుండె, రక్తనాళాల ఆపరేషన్ల వంటివి ఏడాదికి 200కు మించి చేసే ఆసుపత్రుల్లో మరణాల రేటు తక్కువ చేసేవాటికంటే 25 నుంచి 41 శాతం తక్కువగా ఉందని చూపించింది. పిత్తాశయం తొలగించడం లాంటి కొన్ని ఆపరేషన్లలో అలాంటి సంబంధం కనిపించలేదు. అంటే తేలికైన ఆపరేషన్‌కు దగ్గర్లోని మంచి ఆసుపత్రి చాలు, అరుదైన క్యాన్సరుకో, పసిబిడ్డ గుండెకో మాత్రం అదే పని రోజూ చేసే చోటికి, అది ఎవరిదైనా సరే, ఎంత దూరమైనా సరే వెళ్లాలి.

ప్రైవేటు వైద్యం నిజంగా మెరుగైన ఎంపిక అయ్యే సందర్భం ముందుగా తేదీ పెట్టుకుని చేయించుకునే ఆపరేషన్. మోకాలి కీలు మార్పిడినే తీసుకుందాం. ప్రభుత్వాసుపత్రి వరుసలో ఏడాది పడుతుందంటే, స్తోమత ఉన్నవారు ప్రైవేటుకు వెళ్లడంలో తప్పేమీ లేదు. అయితే ఆసుపత్రి ఇచ్చే అంచనా కాగితాన్ని కూర్చుని వరుస వరుసగా చదవాలి. అందులో గది అద్దె, థియేటరు, సర్జను ఫీజు సాధారణంగా ఉంటాయి. మత్తు వైద్యుడి ఫీజు వేరేనా, అమర్చే కీలు ఏ కంపెనీది, ఏ రకం, దాని ధర ప్యాకేజీలో ఉందా, ఆపరేషన్ తర్వాత ఎన్నిసార్లు ఫిజియోథెరపీ ఇస్తారు, ఇన్‌ఫెక్షన్ వచ్చి మళ్లీ చేర్చుకోవలసి వస్తే ఆ ఖర్చు ఎవరిది, రక్తపోటు పడిపోతే ఐసీయూ ఇక్కడే ఉందా లేక బయటికి పంపుతారా అన్నవి చాలా కాగితాల్లో ఉండవు. అడిగి, జవాబును అదే కాగితం మీద రాయించుకోవాలి. ఆసుపత్రి బీమా జాబితాలో ఉండి, అక్కడికి వచ్చే మత్తు వైద్యుడు జాబితాలో లేకపోవడం వల్ల ఎన్నో కుటుంబాలకు అనుకోని బిల్లులు రావడంతోనే అమెరికాలో వాటిని అరికట్టే చట్టాన్ని 2022 నుంచి అమలు చేయాల్సి వచ్చింది. రాసి ఇవ్వడానికి వెనకాడే ఆసుపత్రికి వెళ్లవద్దనే నా సలహా.

కాన్పు విషయంలో గర్భిణి ముందుగా తెలుసుకోవలసిన అంకె ఒకటి ఉంది: ఆ ఆసుపత్రిలో తొలి కాన్పుకు వచ్చిన ఆరోగ్యవంతులైన తల్లుల్లో ఎంతమందికి సిజేరియన్ జరుగుతోంది. దాంతోపాటు రాత్రివేళ మత్తు వైద్యుడు ఉంటాడా, రక్తం దొరుకుతుందా, నెలలు నిండని బిడ్డను చూసుకునే ఏర్పాటు ఉందా అన్నవి అడగాలి. గదులు చూసి కాన్పు ఆసుపత్రిని ఎంచుకోవద్దు.

ప్రైవేటు బీమా తీసుకోవాలా

ప్రభుత్వ వైద్యం అందరికీ ఉన్న చోట కూడా చాలామంది అదనంగా ప్రైవేటు బీమా తీసుకుంటారు. వరుసలో ఎదురుచూడటం తప్పుతుందన్నదే అందుకు ముఖ్య కారణం. ఆ ఒక్క ప్రయోజనానికి ఎంత ప్రీమియం కడుతున్నామో లెక్కచూసుకోవాలి, ఎందుకంటే అత్యవసరానికీ, క్లిష్టమైన జబ్బుకూ చివరికి చేరేది ప్రభుత్వ పెద్దాసుపత్రికే అయిన దేశాలు చాలా ఉన్నాయి. ప్రభుత్వ వైద్యం బలహీనంగా ఉన్న చోట మాత్రం బీమా లేకుండా ఉండటం ప్రమాదకరం, అక్కడ ఒక్క ఆపరేషన్ కుటుంబాన్ని అప్పుల్లోకి నెడుతుంది.

పాలసీ చదివేటప్పుడు ముందు ప్రయోజనాల పేజీ కాక మినహాయింపుల పేజీ చదవండి. ముందునుంచీ ఉన్న జబ్బులకు ఎన్నేళ్ల నిరీక్షణ కాలం, వయసుతో ప్రీమియం ఎలా పెరుగుతుంది, ప్రతి బిల్లులో మన వాటా ఎంత, ఒకసారి పెద్ద క్లెయిము చేశాక పునరుద్ధరణ నిరాకరించే హక్కు కంపెనీకి ఉందా అన్నవి అసలు విషయాలు. ముప్పై ఏళ్ల వయసులో చౌకగా కనిపించే పాలసీ అరవై ఏళ్లకు భరించలేనిదైతే, అవసరమైన రోజుల్లోనే అది చేజారిపోతుంది. మీ ఆరోగ్య చరిత్రలో దేన్నీ దాచవద్దు. దాచిన చిన్న విషయమే క్లెయిము తిరస్కరించడానికి కారణమవుతుంది.

చాలా కుటుంబాలు చివరికి రెండింటినీ కలిపి వాడుకుంటాయి: పరీక్షలు ప్రైవేటులో త్వరగా చేయించి, ఆపరేషన్ ప్రభుత్వాసుపత్రిలో చేయించుకోవడం, లేదా పెద్దాసుపత్రిలో చికిత్స మొదలుపెట్టి ఇంటి దగ్గరి క్లినిక్కులో కొనసాగించడం. ఇది తెలివైన పద్ధతే. అయితే రెండు వ్యవస్థల రికార్డులూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోని చోట ఆ పని మనమే చేయాలి. డిశ్చార్జి పత్రం నకలు, స్కానింగు నివేదికతో పాటు అసలు చిత్రాలున్న డిస్కు, ఇప్పుడు వాడుతున్న మందుల పేర్లు మోతాదులతో సహా, పడని మందుల పేర్లు ఒకే ఫైలులో ఉంచుకుని, ఎక్కడికి వెళ్లినా మొదట దాన్ని వైద్యుడి ముందు పెట్టాలి. అదే మందును రెండు చోట్ల రెండు కంపెనీల పేర్లతో రాసిస్తే, రోగి తెలియక రెండూ మింగే ప్రమాదం ఉంది. కొత్త చీటీ చేతికి రాగానే, పాత చీటీలోని ఏ మందు ఆపాలి, ఏది కొనసాగించాలి అని అక్కడే వైద్యుణ్ని అడిగి, ఆపమన్నవాటిని ఆయన ముందే కొట్టేయించుకోవాలి.